మొదటి అర్రలో కొబ్బరినీళ్లు

సదయ్య ఇంట్లో బ్యాటరీ పాడైందన్న కబురు కంటే, సదయ్య బర్రెను కొంటున్నాడన్న కబురే ఊళ్లో ముందు తిరిగింది. కమాన్‌పూర్ దాటి కొంత దూరం పోతే వచ్చే చిన్న ఊరది. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగో ఇంట్లో తుమ్ముతారు. పొద్దున సదయ్య పశువుల అంగడి సంగతి ఎవరినో అడిగాడు. మధ్యాహ్నానికల్లా ఆ బర్రె ఎన్నో ఈతదో, కొమ్ములు ఎటు తిరిగాయో కూడా ఊరు తేల్చేసింది. సాయంత్రం హోటల్ బుచ్చన్న వచ్చి గడపలో నిలబడ్డాడు.

"కాకా, బర్రె వస్తాందట గద. మరి ఆ మిద్దె మీది సోలార్ పలక నాకే ఇస్తవా?"

లోపల చాపలు పరుస్తున్న జమున చేతులు ఆగిపోయాయి.

జమున సదయ్యకు ఒక్కగానొక్క కోడలు. ఇంటర్ చదివి, పెళ్లయి ఈ ఊరికి వచ్చింది. మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లో ఒక మాట మాత్రం ఈ ఇంట్లో పెద్ద పనే చేసింది. సదయ్య బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు చేసి రిటైరైనప్పుడు ఆయన కోరిక ఒక్కటే, కొట్టంలో నల్లగా మెరిసే ముర్రా బర్రె ఒకటి ఉండాలని. బాయిలో నలుపు చూసింది చాలలేదేమో అని ఆయన భార్య సారవ్వ ఎగతాళి చేసేది. అది సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఎండాకాలం. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో పంచాంగం చూసినా తెలియని రోజులు. బర్రె బేరం కుదిరే వేళకు, అప్పుడే గోదావరిఖనిలో సోలార్ దీపాల దుకాణం చూసి వచ్చిన జమున మెల్లగా ఒక ప్రశ్న వేసింది.

"బర్రె పాలిస్తది మామా. పాలు పిండేటప్పుడు లైటు ఎవరిస్తరు?"

సదయ్యకు నవ్వొచ్చింది. నవ్వినవాడు ఓడిపోయినట్టే. ఇంట్లో ఉన్న డబ్బు ఒక్క కొనుగోలుకే సరిపోతుంది. బర్రె రావలసిన చోట మిద్దె మీదికి సోలార్ పలక, నడింట్లోకి ఇన్వర్టర్ పెట్టె, దాని పక్కన ఇద్దరు మోస్తే తప్ప కదలని పెద్ద బ్యాటరీ వచ్చాయి. మూడేండ్ల వారంటీ అని దుకాణదారు ముద్ర వేసిచ్చాడు.

ఆ ఊరి మిట్ట మీద నిలబడితే దూరాన థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు కనిపిస్తాయి. దానికి పోయే బొగ్గు ఈ ఊరి చేన్ల కిందిదే. ఊళ్లో మాత్రం పొద్దుగూకగానే కరెంటు పోతుంది. దీపం కింద చీకటి అని అందరూ అంటారు గాని, ఆ చీకట్లో కాపురాలు చేసేవాళ్లను చూడాలంటే ఈ ఊరికే రావాలి. ఆ వేళ సదయ్య నడింట్లో తెల్లటి ట్యూబులైటు వెలిగేసరికి, దోమలకంటే ముందు పిల్లలు వచ్చారు. మొదట ఇద్దరు, ముగ్గురు. వర్షాలు పడే నాటికి నడిల్లు నిండి, అరుగు మీదికి పాకింది. జమున ఎక్కాలు చెప్పించేది, లెక్కలు చేయించేది, ఇంగ్లీషు పాఠం రెండుసార్లు చదివించేది. అప్పటిదాకా "సదయ్య కోడలు" అన్న ఊరు ఎప్పుడన్నదో ఏమో "జమున టీచర్ ఇల్లు" అనడం మొదలుపెట్టింది. ఒకరోజు పోస్టుమ్యాన్ కూడా అలాగే అడుగుతూ వస్తే, సదయ్య అరుగు మీద కూర్చుని ఉండి కూడా, ఆ ఇల్లు ఎక్కడో తనకు వెంటనే తట్టలేదట.

జమునకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ లైటు ఆరిపోతే తాను మళ్లీ సదయ్య కోడలు మాత్రమే. అందులో తప్పేమీ లేదు. కానీ రెండూ అయి ఉండటం ఆమెకు అలవాటైంది.

బ్యాటరీ నీరసపడుతున్న సంగతి అందరికంటే ముందు పట్టుకున్నది ఆమెనే. కొత్తలో పిల్లలు ఇరవయ్యో ఎక్కం ముగించి, కథ చెప్పించుకుని, పుస్తకాలు సర్దుకునేదాకా లైటు నిండుగా ఉండేది. వినాయక చవితి తర్వాత పన్నెండో ఎక్కం దగ్గర రెప్పలు వాల్చడం మొదలుపెట్టింది. బతుకమ్మ దగ్గర పడేసరికి ఐదో ఎక్కమైనా దాటేది కాదు. ఒక పిల్ల, మా టీచర్ కంటే లైటుకే ఎక్కాలు తక్కువ వస్తాయని ఇంట్లో చెప్పిందట.

జమున గోదావరిఖని దుకాణానికి ఫోన్ చేసింది. దుకాణం సుబ్రహ్మణ్యంది. ఆయన తండ్రి ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పంకాల దుకాణం పెట్టాడు. ఈయన దాన్ని ఇన్వర్టర్లదాకా తెచ్చాడు. మనిషి మంచివాడు. "రేపు" అన్న మాట ఒక్కటే ఆయన నోట్లో కొంచెం సాగుతుంది. రేపు కంపెనీ ఇంజనీరు వస్తాడమ్మాయ్ అన్నాడు. ఆ రేపు బతుకమ్మకు ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి తప్పిపోయింది. పండగకు జమున పుట్టింటికి వెళ్లి బతుకమ్మ ఆడి వచ్చింది. వచ్చేసరికి ఇంట్లో భర్త వేణుమాధవ్ మోటార్ సైకిలుకు, కుట్టు మిషనుకు, కొడవలికి, బ్యాటరీకి వరుసగా పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. దసరాకు పనిముట్లకు పూజ చేయడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే కాబట్టి ఆమె పట్టించుకోలేదు. లైటు మాత్రం మూడో ఎక్కానికి దిగింది.

సదయ్యకు ఇంతకంటే మంచి అదను దొరకదు. అన్నం ముందు కూర్చుంటే బర్రె, అరుగు మీద బీడీ ముట్టిస్తే బర్రె. బర్రెకు వారంటీ ఉండదు, ఇంజనీరు ఉండడు, ఎండ లేకపోయినా పాలిస్తుంది అని ఎవరో అడిగినట్టు జవాబులు చెప్పేవాడు. చివరికి తీర్మానం చెప్పేశాడు. వచ్చే శుక్రవారం అంగడి దాకా చూస్తాడు. అప్పటికి బ్యాటరీ సంగతి తేలకపోతే మొత్తం సామాను బుచ్చన్న హోటలుకు, బర్రె కొట్టానికి.

అందుకే బుచ్చన్న గడపలో నిలబడ్డ ఆ సాయంత్రం జమున మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. పిల్లలు కిరోసిన్ బుడ్డి చుట్టూ కూర్చుని మూడో ఎక్కం చదువుతుంటే ఫోన్ వాళ్లవైపు పెట్టి పట్టుకుంది. సుబ్రహ్మణ్యం కాసేపు విన్నాడు. ఎల్లుండి తానే ఇంజనీరును వెంటబెట్టుకుని వస్తానన్నాడు. ఫోన్ పెట్టేముందు గొంతు తగ్గించి ఒక సలహా కూడా ఇచ్చాడు. ఇంజనీరు ఏం అడిగినా, "మాకు తెలియదండీ" అనాలి. తెలుసన్నామా, ఆ తెలిసినదాంట్లోంచే ఏదో ఒక వంక తీసి వారంటీ కొట్టేస్తారు. జమున ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పింది. సదయ్య తనకు నిజంగానే ఏమీ తెలియదన్నాడు. సారవ్వ లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

చెప్పిన రోజే వ్యాను వచ్చి ఆగడంతో సగం ఊరు ఆశ్చర్యపోయింది. ముందు సుబ్రహ్మణ్యం దిగాడు, వెనక ఇంజనీరు. పేరు జయకృష్ణ. ఉద్యోగం కొత్తదని ఇస్త్రీ చొక్కా చెబుతూనే ఉంది. చేతిలో ఒక పెట్టె, చంకలో కాగితాల అట్ట. గడప ముందు బూట్లు విప్పి, సారవ్వ ఇచ్చిన నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన వేణుమాధవ్ పక్క గదిలో గుర్రు పెడుతున్నాడు. బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడికి ఈ ఇంటి చప్పుళ్లు ఒక లెక్కలోవి కావు.

జయకృష్ణ మిద్దె ఎక్కి పలక చూశాడు. బాగుందన్నాడు. ఇన్వర్టర్ చూశాడు. అదీ బాగుంది. అతను బ్యాటరీ ముందు కూర్చునే వేళకు ఊరవతలి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలింది. అటక మీది గిన్నెలు గలగలమన్నాయి, గోడ మీది అద్దం ఊగింది, జయకృష్ణ ఒక్క గెంతున వాకిట్లో ఉన్నాడు. ఇంటివాళ్లు మాత్రం చాయ్ ఒలకకుండా కప్పుల మీద అరచేతులు పెట్టుకుని, మళ్లీ తీసి, తాగుతున్నారు.

"గది రోజూ ఉండేదే సారూ," అన్నాడు సదయ్య. "భూమి ఆవులించింది, గంతే."

జయకృష్ణ నవ్వే ప్రయత్నం చేస్తూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. బ్యాటరీ మీద వరుసగా ఆరు మూతలున్నాయి. ఒక్కో మూత కింద ఒక్కో అర్ర. ఇంజనీర్లు సెల్ అంటారు గాని, బ్యాటరీ పెట్టిన రోజు దుకాణం కుర్రాళ్లు మూతలు తీసి నీళ్లు పోస్తుంటే సారవ్వ వంగి చూసి, ఇంట్లో గదుల్లా ఉన్నాయని అర్రలని పేరు పెట్టింది. ఆ ఇంట్లో అదే నిలిచింది. అతను మొదటి మూత తిప్పి తీశాడు. మూత లోపలి అంచుకు ఎర్రగా అంటుకుని ఉంది. లోపలికి టార్చి వేశాడు. నీళ్ల మీద సన్నగా ఎర్రటి తెట్టు, ఒక కొబ్బరి పీచు ముక్క.

అతను చాలాసేపు టార్చి తీయలేదు. తర్వాత అందరివైపు తిరిగి ఇందులో ఏం పోశారని అడిగాడు.

అతని వెనక నిలబడ్డ సుబ్రహ్మణ్యం కళ్లతో, చేతులతో, చివరికి భుజాలతో కూడా సైగ చేశాడు. జమునకు సంగతి అర్థమైంది. పసుపు కుంకుమలు బయటే ఆగలేదు. అయినా నేర్పిన మాటే చెప్పింది. మాకు తెల్వదు సార్ అంది. సదయ్యా అదే అన్నాడు, ఆయనది మాత్రం నిజమే. సారవ్వ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గోడవైపు చూసింది.

జయకృష్ణ నిట్టూర్చి అట్ట తీశాడు. ఏ సెల్‌లోనైనా బయటి పదార్థం ఉంటే వారంటీ వర్తించదని కంపెనీ నియమం. తాను చేయగలిగింది లేదన్నాడు. సదయ్య గోడకు జారగిలబడి, ఇంక మాట అక్కర్లేదన్నట్టు కొట్టంవైపు చూశాడు. జమున ఆ చూపునూ చూసింది, మూలకు చుట్టి పెట్టిన చాపలనూ చూసింది.

జయకృష్ణ రాసుకుంటూనే, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఎవరో చెత్త నీళ్లు పోసేశారండీ ఇందులో."

సారవ్వ వేలికి చుట్టుకున్న కొంగు విప్పింది.

"చెత్త నీళ్లా? నోరు కడుక్కో బిడ్డా. అవి కొబ్బరినీళ్లు. దసరా నాడు దేవునికి కొట్టిన కాయ."

సుబ్రహ్మణ్యం నుదురు పట్టుకున్నాడు. పక్క గదిలో గుర్రు కూడా ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది.

ఒకసారి నోరు విప్పాక సారవ్వ ఆగే మనిషి కాదు. అప్పుడు గాని అందరికీ సంగతి తెలియలేదు. పండగ నాటికి కోడలు పుట్టింట్లో ఉంది. దీపం చూస్తే రోజురోజుకూ పాణం లేనట్టవుతోంది. బ్యాటరీ పెట్టిన రోజు సుబ్రహ్మణ్యం మనుషులు, ఇది నీళ్లు తాగుతుందమ్మా, అప్పుడప్పుడు చూస్తూ ఉండండి అని చెప్పి పోయారు. నీళ్లు తాగేదానికి నీరసం వస్తే ఏం తాగించాలో సారవ్వకు ఇంకొకరు చెప్పాలా? దవాఖానలో పడ్డవాళ్ల దగ్గరికి ఎవరైనా వట్టి చేతులతో పోతారా? కాయ కొట్టి, బొట్టు పెట్టి, ఇన్ని నీళ్లు మూత తీసి పోసింది. చేతికున్న కుంకుమ నాలుగు చుక్కలు వెంట పోయింది. అంతే.

"ఇంకోటి గూడ చెప్త," అంది సుబ్రహ్మణ్యంవైపు తిరిగి. "పెట్టిన్నాడు నువ్వే అన్నవు సేటూ. ముందుగాల కొబ్బరికాయ కొట్టి స్విచ్చెయ్యిమని. అన్నవా, లేదా?"

అన్నాడు. జయకృష్ణ తల తిప్పి చూస్తే సుబ్రహ్మణ్యం ఇన్వర్టర్ పెట్టె మీది దుమ్మును చేతి రుమాలుతో తుడుస్తున్నాడు.

"కొట్టమన్నానండీ," అన్నాడు చివరికి. "తాగించమనలేదు."

సదయ్యకు నవ్వు తన్నుకొచ్చింది గాని, సారవ్వ చూసిన చూపుకు దగ్గుగా మార్చుకున్నాడు.

అందరూ తలా ఒక మాట అంటుంటే జమున మాత్రం బ్యాటరీవైపే చూస్తోంది. అత్త చెప్పినదంతా విన్నాక ఆమెకు కోపం రాలేదు. ఒక చిన్న అనుమానం వచ్చింది. ఆరు మూతల్లో మొదటిదాని గాడుల్లోనే పసుపు ఇరుక్కుని ఉంది. మిగిలిన అయిదింటి గాడుల్లో దుమ్ము పేరుకుని ఉంది.

"అత్తమ్మా, అన్నిట్ల పోసినవా?"

"అన్నిట్ల ఎందుకు పోస్తనే?" అంది సారవ్వ, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు. "బాయి లోపల ఎన్ని దార్లుంటయి? దారికొక కాయ కొడుతరా? మొగదల ఒక్కటి కొడితే లోపల ఆఖరిదాక అందుతది. మీ మామను అడుగు."

సదయ్య తల ఊపాడు. ముప్పై ఏండ్లలో ఆయన చూసింది అదే. బాయి మొగదల మైసమ్మ ముందు ఒక్క కాయ కొట్టి, ఆ తడి నేల మీదుగా లోపలికి దిగేవాళ్లు. లోపల దారులు చీలి, మళ్లీ చీలి, ఎవరి పని జాగాకు వారు పోయేవాళ్లు. ఆ కాయ అందరిదీ.

జమున జయకృష్ణవైపు తిరిగింది.

"సార్, ఈ అర్రల నడుమ లోపల దారి ఉంటదా?"

"ఉండదమ్మా. మధ్యలో గోడలుంటాయి. దేనికదే."

"అయితే మొదటిదాంట్ల పోసింది రెండోదాంట్లకు పోదు."

"పోదు."

"మరి మిగిలినయి ఎట్లున్నయో ఒకసారి చూడున్రి సార్."

జయకృష్ణ గడియారం చూసుకున్నాడు. ఒక్కదాంట్లో ఉన్నా చాలు, నియమం అదే, చూసి లాభం లేదన్నాడు. జమున బతిమాలలేదు, వాదించలేదు. కిటికీ రెక్క పూర్తిగా తెరిచి వెలుతురు బ్యాటరీ మీద పడేటట్టు చేసింది. తడి గుడ్డ తెచ్చి మిగిలిన అయిదు మూతల మీది దుమ్ము ఒక్కొక్కటిగా తుడిచింది. చిన్న పీట తెచ్చి అతని పక్కన పెట్టింది. తర్వాత గోడ పక్కకు పోయి, ఎక్కం మరిచిపోయిన పిల్లవాడి కోసం ఎంతసేపైనా ఆగేటప్పుడు నిలబడేటట్టు నిలబడింది. అలా నిలబడితే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు గుర్తుకొచ్చి తీరుతుంది.

జయకృష్ణ కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. తర్వాత తన పెట్టెలోంచి ఒక గాజు గొట్టం బయటికి తీశాడు. దాని తలకు రబ్బరు బుడ్డి, కడుపులో తేలే పుల్ల. పుల్ల మీద మూడు రంగులున్నాయి. నీళ్లు పీల్చినప్పుడు పుల్ల పచ్చరంగు దాకా తేలితే ఆ సెల్ ఆరోగ్యంగా ఉన్నట్టు, తెలుపైతే కొంచెం నీరసం, ఎరుపు దాకా మునిగితే పని అయిపోయినట్టు. పొద్దున్నుంచి ఎండ బాగా కాసింది కాబట్టి ఈ వేళకు అన్నీ పచ్చ చూపించాలి అని చెప్పి, రెండో అర్రలో ముంచాడు. పచ్చ. మూడోది, పచ్చ. సదయ్యకు ఇది ఆటలా అనిపించి పీట దగ్గరికి జరిగాడు.

నాలుగో అర్రలో గొట్టం ముంచి బుడ్డి వదిలేసరికి పుల్ల తేలలేదు. అడుగున చతికిలబడి కూర్చుంది. వచ్చిన నీళ్లు కూడా మిగతావాటిలా తేటగా లేవు, బెల్లం కడిగినట్టున్నాయి. జయకృష్ణ ఆ నీళ్లు వదిలి మళ్లీ పీల్చాడు. మళ్లీ అదే. అయిదోది పచ్చ, ఆరోది పచ్చ.

ఇక మిగిలింది మొదటిది. అతను ఎందుకో అందులో ముంచే ముందు సారవ్వవైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీల్చాడు. పుల్ల ఒక్కసారి మునిగి, లేచి, పచ్చరంగు మెడదాకా కనిపించేటట్టు నిటారుగా నిలబడింది. దాని పక్కన కొబ్బరి పీచు ముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతోంది.

జయకృష్ణ మొదట చప్పుడు రాకుండా నవ్వాడు, తర్వాత ఆపుకోలేక పైకే నవ్వేశాడు. ఆ నవ్వులో ఉద్యోగం కొత్తదనం అంతా పోయి, ఎవరి ఇంట్లోనో భోజనానికి వచ్చిన పిల్లవాడిలా కనిపించాడు. సుబ్రహ్మణ్యం ధైర్యం చేసి ముందుకు వచ్చాడు. చూశారుగా, నాలుగోదాంట్లో వీళ్లు చెయ్యి కూడా పెట్టలేదు, మూత మీది దుమ్ము మన కళ్లముందే తుడిచారు కదండీ అన్నాడు. అయినా ఈ బొగ్గుబాయిల చుట్టుపక్కల కొబ్బరికాయ కొట్టకుండా ఎవరూ గ్యాసు పొయ్యి కూడా వెలిగించరు, కాయ కొడితే వారంటీ పోతుందని కంపెనీవారు అంటే ఇక్కడ దుకాణం మూసుకోవడమే అన్నాడు.

"పుణ్యానికి ఆ కొబ్బరినీళ్లు ఈ వేళదాకా ఏమీ చెడగొట్టలేదు గానీ అమ్మా, ఎల్లకాలం అలా ఉండదు," అన్నాడు జయకృష్ణ సారవ్వతో. "ఇంకెప్పుడూ లోపల పొయ్యొద్దు."

నాలుగో సెల్‌లో లోపం తయారీలోనే వచ్చింది, దానివల్లే మొత్తం బ్యాటరీ కుంగింది అన్నాడు. ఆ సంగతి రాయగలడు. కానీ బయటి పదార్థం ఉందా అని కాగితంలో అడుగుతారు, లేదని రాయలేడు.

సుబ్రహ్మణ్యం కళ్లు మళ్లీ సైగలు మొదలుపెట్టాయి. జమున ఈసారి ఆయనవైపు చూడలేదు.

"లేదని రాయకున్రి సార్," అంది. "ఉన్నదే రాయున్రి. కొబ్బరినీళ్లు పడ్డది మంచిగున్నది, పడనిది చెడిపోయిందని. రెండూ రాయున్రి."

అతను రెండూ రాశాడు. తీర్పు తనది కాదు, పైవాళ్లది, మాట ఇవ్వలేనన్నాడు. సారవ్వ రెండో చాయ్ ఇచ్చి గాని బూట్లు వేసుకోనివ్వలేదు. వ్యాను కదిలి మలుపు తిరిగాక వేణుమాధవ్ కళ్లు నులుముకుంటూ లేచి వచ్చి, ఇంజనీరు వస్తానన్నది ఈ రోజే కదా, ఇంకా రాలేదా అని అడిగాడు.

శుక్రవారం వచ్చింది గాని కంపెనీ నుంచి కబురు రాలేదు. మాటంటే మాటే కాబట్టి సదయ్య పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని, కొత్త పలుపు తాడు భుజాన వేసుకుని అంగడికి పోయాడు. జమున ఆ రోజు నడిల్లు రెండుసార్లు ఊడ్చింది. పిల్లలకు రేపటి సంగతి ఎలా చెప్పాలో కూర్చుకుంటూ బియ్యంలో రాళ్లు ఏరి, ఏరినవాటినే మళ్లీ ఏరింది. మధ్యాహ్నం బుచ్చన్న నిచ్చెన భుజాన పెట్టుకుని, పలక దింపుకోవడానికి తయారై వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా సదయ్య వచ్చాడు. భుజాన పలుపు తాడు అలాగే ఉంది. దాని రెండో కొసన ఏమీ లేదు.

ఏమైందని బుచ్చన్న అడిగితే, ఆ బర్రె సూపు మంచిగ లేదన్నాడు. సూపుతో ఏం పని, పాలిస్తదా లేదా అని బుచ్చన్న. పొదుగు చిన్నదన్నాడు సదయ్య. పొద్దున అంగట్లో చూసినవాళ్లు బిందెడు పొదుగు అన్నారే అంటే, తోక పొట్టిదన్నాడు. బుచ్చన్న నిచ్చెన ఎత్తుకుంటూ, తోక పొట్టిదని బర్రెను వద్దన్న మనిషిని ఈ మండలంలోనే చూడలేదని గొణుక్కుంటూ పోయాడు. సదయ్య పలుపు తాడును కొట్టంలో మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కుని, కిరోసిన్ బుడ్డిలో వత్తి తానే సరిచేసి నడింట్లో పెట్టాడు. కోడలివైపు చూడలేదు. జమున చాపలు పరిచింది.

కొన్నాళ్లకు సుబ్రహ్మణ్యం ఫోన్ చేసినప్పుడు మాటలకంటే ముందు నవ్వే వినిపించింది. ఆ కాగితం హైదరాబాదు ఆఫీసులో బల్ల బల్లకూ తిరిగిందట. చదివినవాళ్లు ఇంకొకరికి చదివి వినిపించారట. చివరికి ఎవరో పెద్దాయన బ్యాటరీ మార్చి ఇవ్వమని సంతకం పెట్టాడు. రేపు పంపిస్తానన్నాడు. ఈసారి ఆ రేపు నిజంగానే మరునాడు వచ్చింది.

కొత్త బ్యాటరీని ఇద్దరు మనుషులు దించారు. ఆరు మూతల మీదుగా అడ్డంగా ఒక ప్లాస్టిక్ పట్టీ అంటించి ఉంది. సుబ్రహ్మణ్యం పని అని చెప్పకుండానే తెలుస్తోంది. వైర్లు బిగించి స్విచ్చు వేయబోతుంటే సారవ్వ ఆగమంది. చేతిలో కొబ్బరికాయ. పనివాళ్లిద్దరూ ఒక్కసారిగా బ్యాటరీకి అడ్డం నిలబడ్డారు.

"జరుగున్రి కొడుకా, నాకెర్కనే," అని సారవ్వ కాయ తీసుకుపోయి గడప బయట రాయి మీద కొట్టింది. నీళ్లు గిన్నెలో పట్టి, అప్పటికే పుస్తకాలతో వచ్చి నిలబడ్డ పిల్లల దోసిళ్లలో తలా ఇంత పోసింది. చిప్పలు ముక్కలు చేసి పంచింది. పాత బ్యాటరీని వ్యానులోకి ఎక్కిస్తుంటే మాత్రం ఆమె మనసు ఒప్పుకోలేదు.

"ఆ మొదటి అర్ర మంచిగనే ఉన్నది గదా. దాన్నన్న కోసి ఇచ్చిపోరాదు."

అలా రాదని పనివాళ్లు నచ్చజెప్పేసరికి పొద్దు గూకింది. కరెంటు ఎప్పటిలాగే పోయింది. నడింట్లో ట్యూబులైటు రెప్ప కొట్టకుండా నిలబడింది. పిల్లలు మొదటి ఎక్కం నుంచి అందుకున్నారు. జమున ఏ ఎక్కం దగ్గర వెలుగు తగ్గుతుందోనని అలవాటుగా పైకి చూస్తూ ఉంది. పదహారు దాటింది, పద్దెనిమిది దాటింది, ఇరవై కూడా అయిపోయింది. ఒక పిల్ల ఇరవై ఒకటో ఎక్కం ఉంటుందా టీచర్ అని అడిగింది.

బయట సదయ్య, వ్యాను ఎక్కబోతున్న పనివాళ్లను ఆపి కొట్టం చూపిస్తున్నాడు. తీగ ఎంత దూరం లాగాలి, బల్బు ఏ దూలానికి కట్టాలి అని చేతులతో కొలుస్తున్నాడు. జమున కిటికీలోంచి చూసి, కొట్టంలో లైటు ఎందుకు మామా, బర్రె లేదు కదా అంది.

"వస్తది తియ్యి, వచ్చే ఏడు," అన్నాడు సదయ్య. "ముందుగాల లైటు రానీ. పాలు పిండేటప్పుడు ఎవరిస్తరు మరి?"